కాదుగారు ఎటువైపు?

ఆయన నోట మొదట వచ్చే మాట "కాదు". ఎదుటివాళ్ళు ఏమన్నారన్నది ఆ తర్వాతి సంగతి. "ఏమండీ, బాగున్నారా?" అని పలకరిస్తే "కాదు, నిన్నటికంటే బాగున్నాను" అంటాడు. "ఎండ మండిపోతోందండీ" అంటే "కాదు, మీరు గొడుగు మరిచిపోయారు, అంతే" అంటాడు. ఆయన అసలు పేరు పోస్టుమాన్‌కి తప్ప వీధిలో ఇంకెవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన కాదుగారే. ఆ పేరు పడిన కొత్తలో ఒకాయన పొరపాటున ఎదురుగానే "నమస్కారం కాదుగారూ" అనేసి నాలిక కరుచుకున్నాడు.

"మీకు కోపం వచ్చినట్టుంది" అన్నాడు పాపం, నొచ్చుకుంటూ.

"కాదు" అన్నాడు కాదుగారు. పేరు ఖాయమైపోయింది.

ఆయనకి ఆంప్లిఫయర్లు, స్పీకర్లు బాగుచేసే కొట్టు ఉంది. ఆ కొట్టూ ఆ ఒక్క మాట మీదే నడుస్తోంది. ఎవరైనా డొక్కు స్పీకరు పట్టుకొచ్చి "ఇది అయిపోయిందండీ, ఇక పారేయాల్సిందే" అన్నారంటే, "కాదు" అని చేతుల్లోంచి లాక్కుంటాడు. అనేశాడు కాబట్టి పాడించి తీరాలి. అన్నం నీళ్ళు మానేసి దానితో కుస్తీ పట్టి పాడిస్తాడు. "కొత్తదండీ, నిన్ననే కొన్నాను, దీనికేం రోగం లేదు" అంటే "కాదు" అని విప్పుతాడు. విప్పితే ఏదో ఒక రోగం ఉండనే ఉంటుంది.

పోనీ ఒక మాట మీద నిలబడతాడా అంటే అదీ లేదు. ఒకరోజు పొద్దున ఆ కొట్టులో వీధి వెడల్పు చేయడం మీద రగడ మొదలైంది. డ్రమ్ములు నేర్పే మాస్టారు, పళ్ళ డాక్టరమ్మ, బ్యాంకులో పనిచేసే ఆవిడ, ముగ్గురూ వెడల్పు చేయాల్సిందేనన్నారు. పక్క కొట్టు టైలరు ఒక్కడే, తన మెట్లు పోతాయని గింజుకున్నాడు. కాదుగారు టైలరు తరఫున వకాల్తా పుచ్చుకుని ముగ్గురినీ నోరెత్తనివ్వలేదు. అదే రోజు సాయంత్రం టైలరు తన బావమరుదులందరినీ వెంటేసుకొచ్చి, ఒంటరిగా దొరికిన బ్యాంకావిడని చుట్టుముట్టాడు. కాదుగారు చటుక్కున ఆవిడ పక్కకి చేరి, వీధి ఎందుకు వెడల్పు చేయాలో ఏకరువు పెట్టాడు.

"అదేంటండీ! పొద్దున నా వైపే కదా మాట్లాడారు!" టైలరు లబోదిబోమన్నాడు.

"కాదు. పొద్దున మాట్లాడింది పొద్దునకి."

ఇంట్లో ఆయన భార్య మాత్రం ఈ రోగానికి ఎప్పుడో మందు కనిపెట్టేసింది. "ఏమండీ, ఇవాళ బీపీ మాత్ర వేసుకోకండి" అని మంచినీళ్ళ గ్లాసు పక్కన పెట్టి వెళ్ళిపోతుంది. కాసేపటికి మాత్రా ఉండదు, నీళ్ళూ ఉండవు. "ఆ చిరుగుల చొక్కాయే మీకు బాగుంటుంది" అంటే బీరువాలోంచి కొత్త చొక్కా బయటికొస్తుంది. వాళ్ళ కాపురం ఏళ్ళ తరబడి అలా తలకిందులుగా, నిక్షేపంగా సాగిపోతోంది. ఎప్పుడైనా ఆవిడ పరధ్యానంలో మనసులో మాట తిన్నగా అనేసిందా, ఆ పూటకి ఇల్లు గందరగోళమే.

ఇలాంటి మనిషి దగ్గర, ఆయన మేనకోడలికి ఒక నిజమైన అభిప్రాయం కావలసి వచ్చింది. అదీ సోమవారం లోపల.

ఆ అమ్మాయి పాటలు రికార్డు చేసే స్టూడియోలో సౌండ్ ఇంజనీరు. ఆ పనిలో చేరతానన్న రోజున ఇంటిల్లిపాదీ హాల్లో కూర్చుని వద్దంటే వద్దన్నారు. "ఆడపిల్లకి ఈ వైర్లతో పనేంటి?" అంది అమ్మమ్మ. "కాదు" అన్నాడు మేనమామ. "ఏది కాదురా?" "మీరన్నది." ఇక ఎవరేం చెప్పినా కాదే. చివరికి అందరికీ ఓపిక నశించి, ఈ మనిషితో వాదించడం కంటే పిల్లని పంపించడమే నయమనుకున్నారు. ఆ తర్వాత ఆమె కాస్త పేరు తెచ్చుకుంది. అదే హాల్లో అదే మనుషులు "మనమ్మాయంత గొప్పది లేదు" అని మురిసిపోతుంటే, "కాదు, దీనికింకా డ్రమ్ముల శబ్దం మీద పట్టు చిక్కలేదు" అన్నాడు. అందరూ ఆయన్ని కోప్పడ్డారు. మేనకోడలు మాత్రం గదిలోకి వెళ్ళి తను చేసిన పాటలు మళ్ళీ విని చూసుకుంది. నిజమే, పట్టు చిక్కలేదు. ఆయన చెవి అలాంటిది. ఇబ్బందల్లా ఆ చెవికీ నోటికీ పొత్తు కుదరకపోవడమే.

ఇప్పుడామెకి వచ్చిన చిక్కు పిడుగు పుణ్యమా అని వచ్చింది. పిడుగు అంటే డెబ్భై దాటిన రాక్ గాయకుడు. ఆ పేరు అభిమానులు పెట్టిందే. వయసులో ఉన్నప్పుడు స్టేజీ మీద గిటారు విరగ్గొట్టేవాడు, స్పీకర్ల మీదికెక్కి దూకేవాడు, ఆయన అరుపుకి హాలులో బల్బులు మాడిపోయేవని చెప్పుకునేవారు. అలాంటివాడు ఏళ్ళ తరబడి చప్పుడు చేయకుండా ఊరుకుని, ఉన్నట్టుండి కొత్త ఆల్బమ్ చేశాడు. దాని పేరు "కాసేపు కూర్చుంటాను". అన్నట్టే కుర్చీలో కూర్చుని పాడాడు. ఆ ఆల్బమ్‌కి మిక్సింగ్, అంటే గొంతునీ వాద్యాలనీ సరిపాళ్ళలో కలిపే పని, చేసింది మన మేనకోడలు.

మూడో పాటలో ఒకచోట పిడుగుకి ఊపిరి చాల్లేదు. పల్లవి మధ్యలో ఆగి, కుర్చీలో కాస్త జరిగి, గాలి పీల్చుకుని మళ్ళీ అందుకున్నాడు. ఆ ఊపిరీ, కుర్చీ కిర్రుమన్న చప్పుడూ మైకులో పడ్డాయి. ఎవరైనా తీసేస్తారు. ఆమె ఉంచేసింది. స్టూడియో యజమాని తల పట్టుకుంటే, పిడుగు నవ్వి "పాప ఎలాగంటే అలాగే" అన్నాడు. ఆ మాట అనేసి ఆయన ఇంటికి వెళ్ళి హాయిగా పడుకున్నాడు. నిద్ర పోయింది పాపకే.

ఎందుకంటే ఆల్బమ్ ఫోన్లలోకి వచ్చిన రోజునే అభిమానులు రెండుగా చీలిపోయారు. "ఇన్నేళ్ళు ఎదురుచూసింది ముసలాయన ఆయాసం వినడానికా? ఆ కుర్చీకి కాస్త నూనె రాయండిరా" అని సగం మంది. "జన్మలో మొదటిసారి ఆయన నా పక్కన కూర్చుని పాడినట్టుంది" అని సగం మంది. ఒకే ఇంట్లో భార్యాభర్తలు చెరో గదిలో తలుపులేసుకుని వింటున్నారట. తిట్టినవాళ్ళంతా చివరికి ఒకటే అడుగుతున్నారు, ఈ మిక్సింగ్ ఎవరు చేశారయ్యా అని.

స్టూడియో యజమాని ఆమెని పిలిచాడు. "చూడమ్మా, వచ్చే నెల ఈ ఆల్బమ్‌ని ప్లేటు రికార్డుగా తెస్తున్నాం. ఆ ఆయాసం, ఆ కిర్రూ తీసేసి, ఆయన గొంతు కింద ఇంకో రెండు గొంతులు పేర్చి నిండుగా చేసివ్వు. నువ్వు చేయనంటే వేరేవాళ్ళ చేత చేయిస్తాను. ఇకమీదట పిడుగు పనులన్నీ వాళ్ళకే వెళ్తాయి. సోమవారం చెప్పు."

మొదట ఆమెకి ఒళ్ళు మండింది. తర్వాత, వచ్చిన తిట్లన్నీ చదివాక, నమ్మకం సడలింది. తను మొండికేసి పెద్దాయన పరువు తీసిందేమో? చెవులు మూసుకుపోయి గొప్ప అనుకుందేమో? ఎవరినైనా అడుగుదామంటే తెలిసినవాళ్ళంతా మొహమాటానికి బాగుందంటారు. మొహమాటమన్నది ఎరగని మనిషి భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఆల్బమ్ పని తనదని చెప్పకుండా మేనమామకి ఫోన్ చేసింది.

"మామయ్యా, పిడుగు కొత్త ఆల్బమ్ విన్నావా?"

"విన్నాను."

"ఎలా ఉంది?"

"ఎవరేమంటున్నారు?"

"ఎవరి సంగతో ఎందుకు? నీకెలా ఉంది?"

"నువ్వేమంటావు?"

ఎదుటివాళ్ళు ఏదో ఒకటి అననిదే ఆయన బండి కదలదు. తప్పదనుకుని "బాగుంది" అంది.

"కాదు. మూడో పాటలో గొంతు జారింది."

ఆమె గుండె కూడా జారింది. "అవును మామయ్యా, నిజమే. బాగాలేదు."

"కాదు. ఆ జారినచోటే కదా పాట నిలబడింది!"

"అంటే బాగుందనేగా?"

"కాదు..."

ఫోన్ పెట్టేసి ఆమె అత్తయ్యకి ఫోన్ చేసింది. "అత్తయ్యా, మామయ్య ఒక్కడే ఉన్నప్పుడు ఆ పాటలు వింటున్నాడా? మొహం ఎలా పెడుతున్నాడు?"

"కళ్ళు మూసుకుని వింటారే. మొహం ఎప్పుడూ ఉండే మొహమే."

"ఏమీ అనడా?"

"ఒక్కరే ఉన్నప్పుడు ఎవరిని కాదంటారే పిచ్చిదానా? ఆదివారం కొట్టుకి రా. కాళ్ళతో ఎటు వెళ్తారో చూడు."

కాళ్ళ సంగతి ఏమిటంటే, కాదుగారి కొట్టులో ఒక ఆనవాయితీ ఉంది. పేరున్నవాళ్ళ ఆల్బమ్ ఏది వచ్చినా ఆదివారం పొద్దున షట్టరు సగానికి దించి, బాగుచేసిన వాటిలో మంచి స్పీకర్లు పెట్టి, మొదటి పాటనుంచి చివరి పాట దాకా వినాలి. మధ్యలో ఎవరూ నోరు విప్పకూడదు. అయిపోయాక నచ్చినవాళ్ళు లేచి స్పీకర్ల అరల గోడ పక్కన నిలబడాలి, నచ్చనివాళ్ళు కిటికీ పక్కన. "ముందు కాళ్ళతో చెప్పండి, తర్వాత నోటితో" అన్నది కాదుగారి శాసనం. నోటితో మొదలుపెడితే గట్టిగా అరిచినవాడి వైపు అందరూ జారిపోతారని ఆయన వాదన. తను మాత్రం అందరూ నిలబడ్డాక, కళ్ళజోడు తుడుచుకుని తీరుబడిగా ఏదో ఒక గోడ దగ్గరికి వెళ్తాడు. వెళ్ళి అవతలి గోడవాళ్ళతో తగువు పెట్టుకుంటాడు.

ఆ ఆదివారం కొట్టు కిక్కిరిసింది. స్టూళ్ళు చాలక కొందరు అట్టపెట్టెల మీద కూర్చున్నారు. అత్తయ్య కూడా వచ్చి సోల్డరింగ్ బల్ల వెనక చోటు చూసుకుంది. మేనకోడలు తన ఫోన్‌ని ఆంప్లిఫయర్‌కి కలిపి, పాట మొదలుపెట్టి, షట్టరు పక్కన నిలబడింది.

మూడో పాట వచ్చింది. పిడుగు ఆగాడు. కుర్చీ కిర్రుమంది. ఊపిరి తీసుకున్నాడు. డ్రమ్ముల మాస్టారు మొహం చిట్లించాడు. పళ్ళ డాక్టరమ్మ కర్చీఫు తీసింది. రోజూ ఎంతోమంది చేత కేకలు పెట్టించే ఆవిడకి, పాట వింటే మాత్రం కన్నీళ్ళు ఆగవు. మేనమామ కళ్ళు మూసుకునే ఉన్నాడు. అత్తయ్య చెప్పినట్టు మొహం ఎప్పుడూ ఉండే మొహమే.

పాటలయ్యాయి. జనం లేచారు. డాక్టరమ్మ, బ్యాంకావిడ, మరికొందరు స్పీకర్ల గోడ వైపు వెళ్ళారు. డ్రమ్ముల మాస్టారు, టైలరు, ఇంకొందరు కిటికీ పక్కన చేరారు. కాదుగారు కళ్ళజోడు తుడుచుకుని అటు చూశాడు, ఇటు చూశాడు. మళ్ళీ తుడుచుకుని మళ్ళీ చూశాడు. రెండు వైపులా సరిగ్గా సమానం.

కొట్టు చరిత్రలో ఇలా ఎప్పుడూ జరగలేదు. ఆయన ఒక అడుగు కిటికీ వైపు వేసి ఆగాడు. వెనక్కి వచ్చాడు. కొట్టు నడుమ నిలబడి, దారి తప్పినవాడిలా బిక్కమొహం వేశాడు.

"కదలండి మరి!" అన్నాడు టైలరు, సంబరంగా. "ఎవరిని కాదంటారో చూద్దాం."

"ఇవాళ దొరికారు కాదుగారు" అంది బ్యాంకావిడ.

"అమ్మాయి ఇంకా నిలబడలేదుగా" అన్నాడు కాదుగారు, ఒడ్డు దొరికినట్టు. "నువ్వెటే?"

అందరూ షట్టరు వైపు తిరిగారు. మేనకోడలు దాచుకున్నది ఇక ఆగలేదు.

"నేనెటూ నిలబడకూడదు మామయ్యా. ఈ మిక్సింగ్ చేసింది నేనే."

ముందుగా తేరుకున్నది టైలరు.

"మనమ్మాయి చేసిందా! ముందే చెప్పొద్దూ!" అంటూ గబగబా స్పీకర్ల గోడ వైపు నడిచాడు. "ఇప్పుడు ఆలోచిస్తే అంత బాగాలేకపోలేదు."

"నేను సరిగా వినలేదమ్మా, ఈ కిటికీ దగ్గర వీధి గోల ఎక్కువ" అంటూ ఇంకొకాయన కదిలాడు. ఒకరి వెనక ఒకరు అందరూ దాటేశారు. చివరికి డ్రమ్ముల మాస్టారు కూడా, నేల చూపులు చూసుకుంటూ, "మనమ్మాయి... తప్పదు కదా" అని గొణుక్కుంటూ వెళ్ళి వాళ్ళ వెనక నక్కాడు. కిటికీ పక్కన పురుగు కూడా లేదు.

మేనకోడలికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. తిట్లు తినలేక చస్తున్న మాట నిజమే. కానీ ఈ జాలి అంతకంటే ఘోరంగా ఉంది.

"ఇందుకే చెప్పలేదు! నాకేం మీ మొహమాటం అక్కర్లేదు. నచ్చలేదంటే నచ్చలేదనండి. అసలు నాకే నచ్చలేదు, సరేనా?" అని విసవిసా నడిచి వెళ్ళి కిటికీ పక్కన ఒక్కతే నిలబడింది. "సోమవారం దాన్ని శుభ్రం చేసి పారేస్తాను. ఆయాసం ఉండదు, కిర్రూ ఉండదు. అందరికీ హాయి."

గది అంతా ఒకవైపు, ఆమె ఒకవైపు. కాదుగారు ఈసారి కళ్ళజోడు తుడుచుకోలేదు. తిన్నగా నడిచి వచ్చి కిటికీ పక్కన మేనకోడలి సరసన నిలబడ్డాడు.

"నాకూ నచ్చలేదు" అన్నాడు అవతలివాళ్ళతో. "ఏం చేస్తారో చేసుకోండి."

ఆ మాట చెవిన పడగానే మేనకోడలు ఆయన మొహంలోకి చూసింది. ఆ మొహంలో నచ్చకపోవడమేమీ లేదు. ఆమెకి ఉన్నట్టుండి చాలా సంగతులు ఒకేసారి అర్థమయ్యాయి. వీధంతా చెప్పుకునే ఆ వెడల్పు రగడ రోజున, పొద్దున టైలరు ఒక్కడే ఉన్నాడు. సాయంత్రం బ్యాంకావిడ ఒక్కతే ఉంది. ఆనాడు హాల్లో అంతమంది పెద్దల మధ్య తను ఒక్కతే ఉంది. ఈయన జన్మలో ఎవరినీ కాదనాలని కాదనలేదు. మనుషులు ఎటు తక్కువగా ఉంటే అటు నడిచాడు, అంతే.

"మామయ్యా" అంది మెల్లగా, "నువ్వు ఎప్పుడూ తక్కువమంది ఉన్నవైపే వెళ్తావా?"

"కాదు" అన్నాడు ఆయన. కానీ ఆ కాదులో బలం లేదు. మెడ గోక్కున్నాడు. "ఒక్కళ్ళే ఉంటే వాళ్ళు చెప్పేది ఎవరూ వినరే. ఇద్దరుంటే అవతలివాళ్ళు కనీసం తల తిప్పి చూస్తారు. అందుకని... కాసేపు తోడుంటాను. తర్వాత వాళ్ళ పాట్లు వాళ్ళు పడతారు."

"మరి ఇంట్లో అత్తయ్యతో ఎందుకు?"

"అది అలవాటైపోయింది."

బల్ల వెనకనుంచి అత్తయ్య వినపడేలా నిట్టూర్చింది.

"సరే, అది వదిలెయ్" అన్నాడు ఆయన గొంతు తగ్గించి. "ఒకటి అడుగుతాను, తిన్నగా చెప్పు. ఆయన మైకు ముందు ఆగి ఊపిరి తీసుకున్నప్పుడు, నువ్వు అద్దం ఇవతల కూర్చుని వింటున్నావు కదా. అప్పుడు నీకెలా ఉంది?"

మేనకోడలు స్పీకర్ల వైపు చూసింది. "ఆయన ఇక పాడలేడేమో, లేచి వెళ్ళిపోతాడేమో అనుకున్నాను మామయ్యా. మళ్ళీ అందుకునేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. అది తీసేస్తే... ఆయన మళ్ళీ అందుకున్నట్టే తెలియదు."

"అది నువ్వు చేశావని నాకు మొదటిసారి విన్నప్పుడే తెలుసు. చిన్నప్పుడు రేడియోకి చెవి ఆనించి, పాట వదిలేసి, పాడేవాళ్ళ ఊపిరి వినేదానివి. అది ఉంచేవాళ్ళు ఇంకెవరుంటారు?" అని ఆయన స్పీకర్ల గోడ వైపు గడ్డం ఆడించాడు. "మరి ఇక్కడేం చేస్తున్నావు? నీ చోటు అటు కాదూ?"

ఆమె కళ్ళు తుడుచుకుంది. గది దాటి స్పీకర్ల గోడ దగ్గరికి వెళ్ళి డాక్టరమ్మ పక్కన నిలబడింది. డాక్టరమ్మ తడిసిన కర్చీఫు ఆమె చేతిలో పెట్టింది.

ఇప్పుడు కిటికీ పక్కన కాదుగారు ఒక్కడే. ఒక్కడే నిలబడి, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు డ్రమ్ముల మాస్టారు వైపే చూస్తున్నాడు. మాస్టారు ఆ చూపు తప్పించుకోవడానికి పైకప్పు చూశాడు, చెప్పులు చూసుకున్నాడు. చివరికి ఆయనవల్ల కాలేదు.

"అమ్మాయీ, నన్ను క్షమించు" అన్నాడు ఒక్కసారిగా. "నాకు నిజంగానే నచ్చలేదమ్మా. పిడుగు పాటలు వాయించే నేను డ్రమ్ములు నేర్చుకున్నాను. ఆయన అలా ఆయాసపడుతుంటే నాకు వినబుద్ధి కాలేదు. అంతే. నీ పని చెడ్డదని కాదు." అని గట్టిగా అడుగులేసుకుంటూ కిటికీ దగ్గరికి తిరిగొచ్చాడు.

ఆశ్చర్యం, ఆ మాటతో మేనకోడలికి మనసు తేలికపడింది. ఇంతసేపటికి ఒక మనిషి తన పని విని, విన్నది చెప్పాడు. "చెప్పినందుకు థాంక్స్ మాస్టారూ" అంది, నిజంగానే.

ఆ ధైర్యంతో ఇంకొకాయన దాటాడు. తర్వాత మరొకాయన. టైలరు కూడా "డ్రమ్ములు తక్కువయ్యాయి పాపా, ఏమనుకోకు" అని వచ్చేశాడు. కిటికీ పక్క మళ్ళీ నిండింది. ఎవరి చోట్లో వాళ్ళు నిలబడ్డాక కాదుగారు చుట్టూ ఒకసారి చూసుకున్నాడు.

"ఇక్కడ మనుషులు సరిపోయారు కదా?" అన్నాడు మాస్టారుతో.

"సరిపోయాం. ఏం?"

"అయితే ఇక నా దారిన నేను పోతాను."

ఆ కొట్టు తెరిచిన నాటినుంచి మొదటిసారి, ఎవరి అవసరమూ లేకుండా, ఎవరినీ కాదనకుండా, కాదుగారు తన ఇష్టం కొద్దీ గది దాటాడు. స్పీకర్ల గోడ దగ్గరికి వచ్చి, మేనకోడలి పక్కన వీపు ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. "మూడోది మళ్ళీ పెట్టవే" అన్నాడు.

ఆమెకి ఇంకేం అభిప్రాయం అక్కర్లేకపోయింది. పాట పెట్టడానికి ఫోన్ అందుకుంది. సరిగ్గా అప్పుడే అది మోగింది. ఫోన్ ఇంకా ఆంప్లిఫయర్‌కే కలిపి ఉంది. ఎత్తగానే స్టూడియో యజమాని గొంతు స్పీకర్లలోంచి కొట్టు దద్దరిల్లేలా వచ్చింది.

"ఏమ్మా, రేపు మొదలుపెడుతున్నావా, వేరేవాళ్ళకి చెప్పమంటావా?"

మేనకోడలు వైరు లాగబోయి ఆగింది. "చెప్పుకోండి సార్. నేను మాత్రం దాని మీద చెయ్యి వేయను. ఆయన ఎలా పాడారో అలాగే ఉండాలి."

"నలుగురూ ఏమంటున్నారో విన్నావా అసలు?"

"విన్నాను సార్. నలుగురూ ఇక్కడే ఉన్నారు."

ఇక చూసుకోండి. "తీయడానికి వీల్లేదు!" అని డాక్టరమ్మ అరిచింది. "నాకు నచ్చలేదు, అయినా ముట్టుకోవద్దు! నచ్చకపోతే నచ్చనట్టే ఉండాలి" అని డ్రమ్ముల మాస్టారు అంతకంటే గట్టిగా అరిచాడు. టైలరు, బ్యాంకావిడ, అట్టపెట్టెల మీద వాళ్ళు, రెండు గోడలూ ఏకమై యజమాని మీద పడ్డాయి. స్పీకర్లలోంచి "అది కాదండీ... నా మాట... ఒక్క నిమిషం..." అని వినబడి, ఆ గొంతు అంతకంతకూ చిన్నదైపోయింది.

"అందరూ అలా అంటే ఇక నేనొక్కడినీ ఏం చేస్తాను?" అన్నాడు చివరికి, బేలగా.

మేనమామ కళ్ళు తెరుచుకున్నాయి. మేనకోడలు చూసి ఆపేలోపలే ఆయన గోడ వదిలి, ఆ గొంతు వస్తున్న స్పీకరు దగ్గరికి వెళ్ళి, దాని మీద చేయి వేసి, జనం వైపు తిరిగాడు.

"కాదు" అన్నాడు. "ఆయన చెప్పేదాంట్లోనూ న్యాయం ఉంది."

"మామయ్యా!" అని కేక పెట్టింది మేనకోడలు.

"ఉండవే. రికార్డు కొన్నవాళ్ళు కిర్రుమందని తిరిగి పట్టుకొస్తే మొహం చాటేయాల్సింది మీరా, ఆయనా? స్టూడియో నడిపేవాడికి భయం ఉండదూ?"

"ఎవరండీ మీరు?" అంది ఆ గొంతు, వణుకుతూ. "వారంనుంచి నా బాధ అర్థం చేసుకున్న మనిషి మీరొక్కరేనండీ. నాకేమైనా ఆ పెద్దాయన మీద పగా? నేనూ ఆయన పాటలు వింటూ పెరిగినవాణ్ణే."

"అదే నేనంటున్నది. తీసేయండి ఆ ఊపిరి" అన్నాడు కాదుగారు, ఉత్సాహంగా.

"తీసేయాలనే అనుకున్నానండీ. కానీ నిజం చెప్పొద్దూ, ఆ చోటు వచ్చినప్పుడల్లా మా ఆవిడ నన్ను మాట్లాడనివ్వదు. ఉష్ అంటుంది."

"ఆవిడ సంగతి వదిలేయండి. తీసేయండి."

"అలా ఎలా వదిలేస్తానండీ! నాకూ గొంతు పట్టుకుంటుంది అక్కడ."

"అయినా సరే, ఇంకోసారి ఆలోచించుకోండి."

"ఆలోచించేదేం లేదండీ!" స్పీకరు గర్జించింది. "ఉంచేద్దాం. ఎలా ఉందో అలాగే! అమ్మాయితో చెప్పండి, తర్వాతి పని కూడా తనదే. మీరు మాత్రం ఎప్పుడైనా ఒకసారి స్టూడియోకి రండి, కూర్చుని మాట్లాడుకుందాం."

ఫోన్ ఆగిపోయింది. సోల్డరింగ్ బల్ల వెనక అత్తయ్య కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతోంది. మేనకోడలు నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేస్తూ మేనమామ దగ్గరికి వచ్చింది.

"కొంప ముంచుతావేమో అనుకున్నాను మామయ్యా. నిజం చెప్పు, ఆయన ఒప్పుకుంటాడని తెలిసే అలా మాట్లాడావా?"

కాదుగారి చేయి ఇంకా స్పీకరు మీదే ఉంది. తప్పు చేసి దొరికినవాడిలా తల దించుకున్నాడు.

"లేదే" అన్నాడు. "పాపం, అటు ఒక్కడే అయిపోయాడు."